ఊరూ నెలా లేని సలహాలు

వంటలను మినహాయిస్తే, తెలుగులో ఇప్పుడు ధారాళంగా, ఉచితంగా దొరికే సలహా పెరటితోటల గురించినదే. కుండీలో టమాటా, మేడ మీద మిరప, సంచీలో సొరపాదు... అడిగినవారికీ అడగనివారికీ కూడా చెప్పేవారున్నారు. చెప్పడంలో తప్పు లేదు. చెప్పేవారి సదుద్దేశాన్ని నేను శంకించడమూ లేదు. అయితే కొన్నేళ్ళుగా వీటిని ఓపికపట్టి చదువుతూ, చూస్తూ, కొన్నిటిని స్వయంగా చేసి చెడిన మీదట నాకు తేలినదొకటి ఉన్నది. ఈ సలహాలకు ఊరు ఉండదు. నెల ఉండదు. ఏ మట్టికి చెబుతున్నారో, ఏ నీటికి చెబుతున్నారో ఉండదు. "టమాటా పెంచడం చాలా తేలిక" అని మొదలవుతుంది. ఎక్కడ తేలిక, ఎప్పుడు తేలిక అన్న మాట మాత్రం చివరిదాకా రాదు.

నా అభియోగం ఇదే. కూరగాయల సాగులో ఊరూ నెలా చెప్పని సలహాను అసంపూర్ణమైన సలహా అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. అది హాని చేస్తుంది. హాని అన్న మాట మరీ పెద్దదిగా తోచినవారు ముందు నాతో ఒక మేడ మీదికి రావలసిందని మనవి.

మాది విజయవాడ. మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. సంక్రాంతికి వచ్చిన మనుమరాలు ఫోనులో ఏదో చూపించి ఉత్సాహపరిచి వెళ్ళిందట. ఫిబ్రవరి ఆఖరులో నారు తెప్పించుకుని పన్నెండు కుండీలలో టమాటా నాటించారు. మొక్కలు ఏపుగా పెరిగాయి. ఏప్రిల్ రెండో వారానికి విరగబూశాయి. పూసిన పువ్వు పూసినట్టే కాడ దగ్గర పసుపుబారి రాలిపోయింది. ఆవిడ మళ్ళీ సలహాలు వెదికారు. వాటికేం, కొల్లలుగా దొరికాయి. పుల్లమజ్జిగలో ఇంగువ కలిపి చల్లమన్నారు, చల్లారు. ఎప్సమ్ సాల్ట్ చెంచాడు చొప్పున వేయమన్నారు, వేశారు. కోడిగుడ్డు పెంకుల పొడి వేయమన్నారు. ఆ ఇంట గుడ్డు వండరు. పక్కింటివారిని మొహమాటపడుతూ అడిగి తెచ్చుకున్నారు. అరటితొక్కలు మూడు రోజులు నానబెట్టిన నీళ్ళు పోశారు. ఆ బకెట్టులో దోమలు మాత్రం పుష్కలంగా పుట్టాయి. మే నెలాఖరుకు పన్నెండు మొక్కలకూ కలిపి ఏడు కాయలు కాశాయి.

"మా అత్తగారి చెయ్యి మంచిది నాయనా, ఏది పెట్టినా కాసేది. నా చెయ్యి అలాంటిది కాదు" అన్నారు నాతో. ఆషాఢంలో వెళ్ళి చూద్దును కదా, కుండీలన్నీ బోర్లించి గోడవారన పేర్చి ఉన్నాయి.

ఆవిడ చేతిలో ఏ లోపమూ లేదు. ఉన్నదల్లా ఫిబ్రవరిలోనే ఉన్నది. టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఒకే చోట ఉంటాయి, కాయ కట్టడానికి తేనెటీగ కోసం ఎదురుచూడనవసరం కూడా లేదు. గాలికి పువ్వు కదిలితే చాలు. కాని పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 డిగ్రీలకు దిగకపోతే పుప్పొడి చచ్చుబడుతుంది. పుప్పొడి లేనిదే పిందె లేదు. పిందె కట్టని పువ్వును మొక్క తనంత తానే వదిలించుకుంటుంది. మా కృష్ణాతీరంలో ఏప్రిల్ నడిమి నుంచి తొలకరి దాకా అవే పగళ్ళు, అవే రాత్రులు. ఇంగువ గాలిని చల్లబరచదు కదా!

మరి ఎండాకాలంలో బజారులోకి వచ్చే టమాటా ఎక్కడిది అని అడగవచ్చును. అందులో చాలా భాగం మదనపల్లె వైపుది. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి ఆ ఊళ్ళో ఉండడం కాకతాళీయం కాదు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న నేల అది. వేసవిలో కూడా రాత్రిళ్ళు కాస్త చల్లబడతాయి, అందుచేత పిందె నిలుస్తుంది. మదనపల్లె రైతు చేతికీ మా వీధి పెద్దావిడ చేతికీ ఉన్న తేడా ఆ 700 మీటర్లే. ఇదే ఆవిడ ఆగస్టు ఆఖరున నారు పోసుకుని, దసరా లోపల నాటుకుని ఉంటే, ధనుర్మాసంలో పప్పులోకి, పచ్చడిలోకి కాయలు కోసుకుని ఉండేవారు. "కోస్తాలో టమాటాను ఎండాకాలపు కాపుకు నాటకండి." ఇంతే, ఒక్క వాక్యం. నాలుగు ద్రావణాలు చెప్పినవారిలో ఒక్కరు కూడా ఈ వాక్యం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు అన్నది ఆలోచించవలసిన విషయం. నాకు తోచిన కారణం ఇది. "సెప్టెంబరు దాకా ఆగండి" అన్న సలహాకు గిరాకీ ఉండదు. వినేవాడు ఇవాళ ఆదివారం, ఇవాళే ఏదో ఒకటి చేయాలనుకుంటాడు. ద్రావణం ఇవాళే కలపవచ్చు, ఇవాళే చల్లవచ్చు. చల్లిన తృప్తి ఇవాళే కలుగుతుంది. ఆగడమన్నది చూపించడానికి బొమ్మ కూడా ఉండదు. కాబట్టి నెల చెప్పవలసిన చోట మందు చెబుతున్నారు. అంతేకాదు, ద్రావణానికి ఇంకొక గొప్ప సౌకర్యం ఉన్నది: పని చేయకపోతే నింద దాని మీదికి రాదు. సరిగా పులియలేదనో, పొద్దున్నే చల్లలేదనో, చివరికి చెయ్యి మంచిది కాదనో చెప్పుకోవచ్చు.

ఈ ద్రావణాల సంగతి కొంచెం విడమరిచి చూద్దాం.

గుడ్డు పెంకు అంటే సున్నపురాయి జాతి పదార్థం. కాల్షియం అందులో ఉన్న మాట నిజమే. అయితే అది కరగాలంటే నేలకు పులుపు గుణం ఉండాలి. మన నల్లరేగడి నేలలు చాలావరకు అందుకు విరుద్ధంగా క్షారగుణం కలవి. తవ్వితే సున్నపుగుళ్ళు కనబడే నేలలు. ఆ మట్టిలో గుడ్డు పెంకు వేయడం కోటప్పకొండ మీద రాయి వేసి వచ్చినట్టు ఉంటుంది. టమాటా కాయ అడుగున నల్లబడి కుళ్ళితే కాల్షియం లోపమంటారు. నిజమే, కాయకు కాల్షియం అందకపోవడం వల్లనే అది వస్తుంది. అందకపోవడానికి కారణం మాత్రం చాలాసార్లు నీటి వరస. రెండు రోజులు ఎండగట్టి, మూడో రోజు ముంచెత్తితే, మట్టిలో ఎంత కాల్షియం ఉన్నా నీటితోపాటు పైకి రావలసినది సమంగా రాదు. పెంకులు ఏరే శ్రమకు బదులు మట్టి మీద గుప్పెడు ఎండుటాకులు కప్పి తేమ నిలిపితే జబ్బు సగం తగ్గుతుంది.

ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేటు. లోపం ఉన్న నేలకు అది మందే. లోపం ఉన్నదో లేదో చూడకుండా నెలనెలా వేస్తూ పోతే అధికమైన మెగ్నీషియం కాల్షియాన్ని వేళ్ళలోకి రానివ్వకుండా పోటీపడుతుంది. అనగా, గుడ్డు పెంకులు వేసిన చేత్తోనే ఎప్సమ్ సాల్ట్ వేయమనడం ఒకరిని లోపలికి పిలుస్తూ ఇంకొకరి చేత తలుపు వేయించడం. ఈ రెండు సలహాలూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటిగా ఉండడం నేను చూశాను.

కొబ్బరిపొట్టు మరొక కథ. మా చిన్నతనంలో కోనసీమ వెళితే పీచు తీయగా మిగిలిన పొట్టు గుట్టలు గుట్టలుగా దారిపక్కన కనిపించేది. ఇప్పుడది ఇటుకలై, కోకోపీట్ అన్న పేరు పెట్టుకుని నగరానికి వస్తున్నది. నీటిని పట్టి ఉంచడంలోనూ, బరువు తక్కువ కావడంలోనూ దానికి సాటి లేదు. కాని కాస్త పొటాషియం తప్ప అందులో మొక్క తినడానికి ఏమీ లేదు. పైగా కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది. మాగని పొట్టయితే, అది కుళ్ళే క్రమంలో మట్టిలోని నత్రజనిని సూక్ష్మజీవులు తమకే వాడుకుంటాయి; మొక్క పాలిపోతుంది. "సగం కోకోపీట్, సగం మట్టి" అని సులువుగా చెప్పేస్తారు. రెండు మూడు నీళ్ళు మార్చి కడగమన్న మాట, పశువుల ఎరువో వర్మీకంపోస్టో పాలు పెంచమన్న మాట ఎక్కడో చివర వస్తే వచ్చింది, లేకపోతే లేదు.

జీవామృతం పేరెత్తితే కొందరికి కోపం రావచ్చును. నాకు ఆ పద్ధతి మీద వైరం లేదు. సుభాష్ పాలేకర్ చెప్పిన కొలతలో 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. అది ఒక ఎకరానికి. అది తిండి కాదు, నేలలోని సూక్ష్మజీవులకు తోడు వేయడం వంటిదని ఆ పద్ధతివారే చెబుతారు. తోడు వేయాలంటే ముందు పాలుండాలి. ఆకుకప్పు, సేంద్రియ పదార్థం ఉన్న నేలలో తోడుకుంటుంది. ఒట్టి పొట్టు నింపిన కుండీలో ఉద్ధరిణెడు తీర్థంలా పోస్తే ఏమి తోడుకోవాలి?

ఇంతవరకూ చదివి, ఇదంతా పరాయి సలహాల మీద కోపమనీ, మన పాతకాలపు విజ్ఞానమే దిక్కని చెప్పబోతున్నాననీ అనుకునేవారు ఉండవచ్చు. వారికి చికాగో చిక్కుడుపాదు కథ చెప్పాలి.

మన పందిరిచిక్కుడు పాత రకాలు పగటి పొడుగును లెక్కపెట్టుకునే మొక్కలు. పగలు కురచబడితేనే పూస్తాయి. శ్రావణంలో పెట్టిన పాదు ఆకు మీద ఆకు వేసుకుంటూ పందిరి నిండా అల్లుకుని, కార్తీకం చల్లబడే వేళకు పూతకు వచ్చి, సంక్రాంతి నుంచి మాఘం దాకా గెలలు గెలలుగా కాస్తుంది. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతోనే రథం చేసి, చిక్కుడాకుల్లోనే నైవేద్యం పెట్టడంలో ఉన్న ఔచిత్యం నాకు చాలాకాలం తట్టలేదు. ఆ రోజుకు ఏ పెరట్లోనైనా చేతికందే కాయ అదే. పండుగే ఒక సాగు పంచాంగం.

ఇప్పుడా గింజలను జేబులో వేసుకుని మనవాళ్ళు చికాగో వెళ్ళారు. అక్కడ జూన్ పగలు పదిహేను గంటలు. మే నెలలో పెట్టిన పాదు ఎండా, నీరూ పుష్కలంగా అంది కంచె దాటి పక్కింటి చెట్టెక్కుతుంది. జూలై పోతుంది, ఆగస్టు పోతుంది, పువ్వు లేదు. ఇక్కడినుంచి అమ్మ ఫోనులో చెబుతుంది, "కొనలు తుంచరా, ఆకులు కొన్ని దూసెయ్యి, నీళ్ళు తగ్గించు" అని. ఇవన్నీ ఆవిడ పెరట్లో పనిచేసిన చిట్కాలే. సెప్టెంబరు ఆఖరుకు పగలు కురచబడి, ఊదాపూలు గుత్తులుగా తొంగిచూస్తాయి. మరో రెండు మూడు వారాలకు మంచు పడుతుంది. ఒక్క రాత్రిలో పాదు నల్లగా ఉడికినట్టయి వాలిపోతుంది. అమ్మ సలహా తప్పా? విజయవాడలో తప్పు కాదు. అదే పాదు హ్యూస్టన్‌లో పెట్టినవారు నవంబరులో కాయలు కోసుకుంటారు, ఎందుకంటే అక్కడ మంచు అంత తొందరగా రాదు. చికాగోలో ఉన్నవారు వెదకవలసింది చిట్కా కోసం కాదు, పగటి పొడుగుతో నిమిత్తం లేని గింజ కోసం. అటువంటివి ఉన్నాయి. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవారు అర్క జయ్, అర్క విజయ్ అని పొట్టి రకాలు తీసుకొచ్చారు. పగలు ఎంత పొడుగైనా అవి పూస్తాయి. గోంగూర కూడా కురచ పగళ్ళ మొక్కే, కాని మనం తినేది ఆకు కాబట్టి అక్కడి ఆలస్యం మనకు లాభమే అయింది. విత్తనం మాత్రం ఉత్తరాది రాష్ట్రాలలో చేతికి రాదు, ఏటా తెప్పించుకోవలసిందే.

ఇందులో పరాయిదీ మనదీ అన్న తగవు లేదు. ఊరు దాటిన సలహా ఏ దిక్కునుంచి ఏ దిక్కుకు వెళ్ళినా చెడుతుంది. అమెరికా వ్యవసాయశాఖవారు 1960లో మొదట వేసి, తరువాత సవరించుకుంటూ వస్తున్న మండలాల పటం చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రత మీద ఆధారపడినది. మొక్క చలికి చస్తుందా, బతుకుతుందా అన్నది వారి చింత. వారికది ప్రాణప్రశ్న. మన మొక్క చలికి చావదు, రోహిణి ఎండకు చస్తుంది. ఆ పటం చూసి మన కోస్తాకు మొక్కలు ఎంచడం గొడుగు కొలతతో చెప్పులు కొనడం. "రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ" అన్న సూత్రమూ అంతే. డిసెంబరులో అది నిజమే. మే నెలలో నల్ల సంచీలో పెట్టిన మిరపకు మిట్టమధ్యాహ్నపు ఎండ తగలకుండా పాతచీరో, పచ్చవలో అడ్డం కట్టినవారికే మొక్క దక్కుతుంది.

ఇక మనవైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. మన అందరి దగ్గరా ఒక అమ్మమ్మగారి పెరడు ఉన్నది. దానిమీద మనలో రాయనివారు లేరు, నేనూ రాశాను. అందులో పందిరి మీది పొట్లకాయకు రాయి కట్టి వేలాడదీయడం ఉంటుంది, బావి గట్టున అరటిచెట్టు ఉంటుంది, కంచు గిన్నెలో పప్పు ఉంటుంది. కళ్ళు చెమ్మగిల్లడంతో అయిపోతుంది. పొట్లపాదు ఏ నెలలో పెట్టేవారో రాసినవాళ్ళం లేము. విత్తనానికి వదిలిన సొరకాయకు గుర్తుగా గుడ్డపేలిక కట్టి, కాయ గలగలమనేదాకా తీగమీదే ఎండనిచ్చి, గింజలను బూడిదలో దొర్లించి దాచేవారన్న సంగతిని ఎవరమూ అడిగి రాసుకోలేదు. అడగవలసినవారు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వారి మాటలు ఉండవలసిన ఖాళీలోకే కదా ఈ అరటితొక్కల నీళ్ళు వచ్చి చేరాయి!

పైగా ఆ పెరడు మహత్యం ఏదో చేతివాసి వల్ల వచ్చిందని మనం కథ అల్లాం. కొట్టంలో రెండు గేదెలు, అంట్లు తోమిన నీళ్ళు పారే కాలువ, లోతెంతో తెలియని ఒండ్రుమట్టి, తరాల తరబడి పడిన పెంట. అవి ఉన్న చోట చెయ్యి ఎవరిదైనా మంచిదే అవుతుంది. వీటిని చెప్పకుండా చేతిని పొగడడం వల్లనే మా వీధి పెద్దావిడ తన చేతిని నిందించుకున్నారు.

కార్తెల సంగతీ చెప్పుకోవాలి. నెలకంటే సూక్ష్మమైన కొలత అది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు పద్నాలుగు రోజులుంటాడు. "మృగశిరలో బెండ పెట్టు" అంటే జూన్ రెండో వారం నుంచి మూడో వారం లోపల అని ఖచ్చితంగా తెలుస్తుంది. ఊరూ నెలా కలిపి చెప్పే పద్ధతి మనకు కొత్తది కాదనడానికి ఇదే సాక్ష్యం. అయితే కార్తెను వేదవాక్కుగా తీసుకునేవారికి ఒక చిన్న లెక్క. మన పంచాంగం నక్షత్రాలను బట్టి, ఋతువులు విషువులను బట్టి నడుస్తాయి. ఈ రెంటికీ దాదాపు 72 ఏళ్ళకు ఒక రోజు తేడా వస్తుంది. నన్నయ కాలం నుంచి ఇప్పటికి దాదాపు ఒక కార్తె జరిగిపోయింది. ఆయన నాడు మృగశిర వచ్చిన ఋతుసమయానికి మనకు ఇప్పుడు రోహిణి వస్తున్నది. తాతలు చెప్పిన కార్తె అయినా సరే, పైనున్న మబ్బును ఒకసారి చూసి మరీ విత్తాలని దీని భావం.

మేడతోటల సలహాలలో మరొకటి ఊరికే వదిలేయదగినది కాదు. "మేడ నిండా మడులు కట్టుకోండి" అంటున్నారు. మనుషులు తిరిగే సమతలపు మేడ కప్పుకు మన దేశపు ప్రమాణం చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు లెక్కవేస్తుంది. తడిసిన మట్టి ఘనపు మీటరు 1600 కిలోలకు తక్కువ ఉండదు. అడుగు లోతు మడి అంటే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు. పాత ఇల్లయితే ఇంజనీరును అడగనిదే మడి కట్టకూడదు. కుండీలను కూడా గోడల మీదుగా, దూలాల మీదుగా వచ్చే అంచులలోనే పెట్టుకోవాలి. ఈ మాట చెప్పని మేడతోట సలహా ఏ రకంగా సదుద్దేశమో నాకు బోధపడదు.

"ఇక కూరగాయలు కొననక్కర్లేదు" అన్నది ఇంకొక ఊరింపు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2011 నాటి సూచనలలో మనిషికి రోజుకు 300 గ్రాముల కూరగాయలన్నది. నలుగురున్న ఇంటికి ఏడాదికి 430 కిలోల పైమాట. కుండీలో టమాటా బాగా కాస్తే రెండు కిలోలు. లెక్క మీరే వేసుకోండి. కొత్తగా మొదలుపెట్టేవారికి టమాటా, క్యాప్సికం చెప్పడం మొదటిరోజే ఈతగాణ్ణి గోదావరిలో దింపడం లాంటిది. తోటకూర చెప్పండి, నాలుగు వారాలలో కూర అవుతుంది. బచ్చలి చెప్పండి, ఒకసారి అంటుకున్నదంటే వద్దన్నా పోదు. గోంగూర చెప్పండి. ఆకు కోసి వండుకున్నవాడు మరుసటి ఋతువుకు కూడా మట్టి ముట్టుకుంటాడు. ఏడు టమాటాలు చూసినవాడు ముట్టుకోడు.

ఒక మిత్రుడు ఈ వాదం విని, "పోనిద్దూ, జనం ఏదో సరదాగా పెంచుకుంటుంటే నీ చాదస్తమేమిటి? తప్పులు చేస్తూ నేర్చుకుంటారు" అన్నాడు. తప్పు చేసి నేర్చుకోవాలంటే, చేసినది ఏ తప్పో తెలియాలి కదా. బీరపాదుకు పూలన్నీ రాలిపోతున్నాయని బెంగపడేవారికి మొదట వచ్చేవన్నీ మగపూలే, అవి రాలడం సహజమే అని చెప్పేవారుంటే పదిరోజులు ఆగుతారు. ఆడపువ్వు వచ్చినా పిందె నిలవకపోతే చేత్తో పుప్పొడి అద్దమంటారు. ఉదయం పదింటికి అద్దమంటారు! బీరపువ్వు విచ్చేది పొద్దు వాలే వేళ. మబ్బు పట్టిన రోజుల్లో బీరపూలు చూసి సాయంత్రమైందని తెలుసుకున్న జాతి మనది. సొర, పొట్ల కూడా సాయంత్రపు పూలే. కాకర, దోస, గుమ్మడి తెల్లవారి పూలు. వేళ తప్పిన చెయ్యి ఎంతసేపు అద్దితే ఏమి ప్రయోజనం? బెండ ఆకులు ఈనెలతో సహా పసుపుబారితే అది తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు. వచ్చిన మొక్కకు మందు లేదు, పీకేయడమే. పసుపు నీళ్ళు చల్లుతూ పదిహేను రోజులు కూర్చుంటే మిగతా మొక్కలకూ పాకుతుంది. అలా కూర్చున్నవారు తమ తప్పు పీకకపోవడమని ఎలా గ్రహిస్తారు? పసుపు చాలలేదనుకుంటారు.

కాబట్టి సలహా రాసే మిత్రులను నేను కోరేది కష్టమైనదేమీ కాదు. మీ ఊరు చెప్పండి. విత్తిన తేదీ చెప్పండి. నేల మీదా, మేడ మీదా, ఎర్రమట్టా, నల్లమట్టా, బోరు నీరా, కాలువ నీరా చెప్పండి. గింజ పేరు చెప్పండి, అది హైబ్రిడ్ అయితే దాని గింజ దాచుకుంటే మరుసటి ఏడు అదే కాయ రాదని కూడా చెప్పండి. చెడిపోయినవి చెప్పండి, బాగుపడినవాటికంటే అవే ఎక్కువ పనికొస్తాయి. రెండు ఋతువులు చేసి చూడనిది రాయకండి.

నన్ను నేను మినహాయించుకోవడం న్యాయం కాదు గనుక, నా పద్దు ఇదిగో. విజయవాడ. మేడ కాదు, ఇంటి వెనక తూర్పు గోడవారన పన్నెండు అడుగుల నేల. నల్లమట్టి, బోరు నీరు. నీరు ఆరితే మట్టి మీద తెల్లని పొర కడుతుంది. మృగశిర కార్తె రెండో రోజున రాత్రంతా నానబెట్టిన బెండ గింజలు ఇరవై పెట్టాను, పదమూడు మొలిచాయి, రెండు పల్లాకు వచ్చి పీకేశాను. బీర నాలుగు గింజలు అదే వారం. మొదటి ఆడపువ్వు నలభై నాలుగో రోజున. పొట్ల మూడు పెట్టాను, ఒకటీ మొలవలేదు. గింజ పాతదని అనుమానం. జూన్, జూలైలలో వేపచెట్ల కింద ఏరిన గింజల పప్పు దంచి, లీటరుకు యాభై గ్రాములు రాత్రి నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లాను. ఎండలో చల్లితే దాని శక్తి నిలవదు. పేనుబంక తగ్గింది, కాయతొలిచే పురుగు తగ్గలేదు. చిక్కుడు శ్రావణ శుద్ధంలో రెండు పాదులు పెట్టాను, ఇప్పుడు గోడెక్కుతున్నాయి. టమాటా నారు మొన్న ఆదివారమే పోశాను. మొలిచాక అందులో పన్నెండు మొక్కలు వీధి చివరి ఇంటికి ఇవ్వాలి. కుండీలు తిరగేసి పెట్టమని పెద్దావిడకు చెప్పి వచ్చాను. ఆవిడ ఇంకా ఔననలేదు.